గాలిమోటరు పరదా, నాలుగు వందల పన్నెండు

మా అమ్మాయి డిజిటల్ కెమెరా తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది దాకా లెక్కపెట్టి, ఆ తర్వాత బుద్ధిగా మళ్లీ ఒకటికి వచ్చేసింది. ఒకే నంబరున్న ఫొటోలు రెండు కంప్యూటర్లో చేరి, ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చోబోయాయట. "గిదేం లెక్కనే అమ్మా, తయారు చేసినోళ్లకు అకల్ లేదా" అని విసుక్కుంది. నాకు నవ్వాగలేదు. డెబ్బైల్లో, పెళ్లయి ఏడాది తిరక్కముందే, ఇదే మాట నేను మా మామతో అన్నాను. కాకపోతే అకల్ దగ్గరికి వచ్చేసరికి మింగేశాను.

మా అత్తవారిది కరీంనగర్‌లో చిన్న ఫొటో స్టూడియో. ముందు గదిలో ఒక రంగుల పరదా, రెండు లైట్లు, ఒక స్టూలు. వెనక చీకటి గది. రెంటికీ మధ్య నేను. మామ ఫొటోలు తీస్తాడు. మా ఆయన కెమెరా భుజాన వేసుకొని మందమర్రి కాలనీల దాకా పెళ్లిళ్లకు తిరుగుతాడు. నేను ప్రతి నెగెటివ్ అంచున నల్ల సిరాతో నంబరు వేసి, అదే నంబరు దాని కవరు మీదా, గిరాకీకిచ్చే చీటీ మీదా రాస్తాను. రోలుకు పన్నెండే ఫొటోలు కాబట్టి మామ ఒక్కటి కూడా వృథా పోనిచ్చేవాడు కాదు. ఎవరైనా బిగుసుకుపోయి కూర్చుంటే ముందు నోటితోనే 'టక్' అనేవాడు. అయిపోయిందనుకొని వాళ్లు ఊపిరి వదలగానే అసలు ఫొటో తీసేవాడు. ఆ నోటి టక్కులకు మాత్రం నంబర్లు లేవు.

దసరా వచ్చిందంటే కెమెరాకు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, పాత పరదా తీసేసి పెయింటరు వేసిన కొత్తది కట్టేవాడు. ఒక ఏడు కొండలూ హంసలూ, ఒక ఏడు పాలరాతి మెట్లు. ఆ రోజే కొత్త పుస్తకం తెరిచి, నంబరు మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేవాడు. బడిలో నా లెక్కల నోట్సు పక్క సెక్షనుకు కూడా చూపించేవారు. అటువంటి నాకు ఇది చూసి ఒళ్లు మండింది.

"మామా, పోయినేడు నాలుగు వందల పన్నెండు ఉన్నది, అంతకు ముందటేడు సుత ఉన్నది. రేపు ఎవలన్న చీటి తెస్తె ఏ నాలుగు వందల పన్నెండు ఇయ్యాలె?"

"దసరాకు కొత్త పరదా, కొత్త నంబరు. గంతే బిడ్డా" అన్నాడు మామ, పరదా ముడతలు సరిచేస్తూ.

ఆయన మాటలో పరదా ఎందుకొచ్చిందో నేను అడగలేదు. అడిగే రకం కాదు నేను, సరిదిద్దే రకం.

పంటలు ఇంటికొచ్చాక మామ జైనూర్ వైపు సంతల్లో ఫొటోలు తియ్యడానికి పోయి, మూడు వారాలు రాలేదు. నాకు అదే సందు దొరికింది. ఏడాదికొకటి చొప్పున ఉన్న రేకు డబ్బాలన్నీ దించాను. పాస్‌పోర్టు ఫొటోలు ఒకచోట, జంటలు ఒకచోట, పిల్లలూ గ్రూపులూ ఇంకోచోట పెట్టాను. బ్లేడుతో పాత నంబర్లు గీకేసి, ఒకటి నుంచి నాలుగు వేల పైచిలుకు దాకా ఒకే వరుసలో కొత్తవి వేశాను. కొత్త కవర్లు చేశాను. వేళ్ల సిరా వారం దాకా పోలేదు. అంత గర్వంగా నేను మా పెళ్లినాడు కూడా కూర్చోలేదు.

మామ వచ్చి డబ్బాలు చూశాడు.

"పాత కవర్లేవి బిడ్డా?"

"నీళ్ల పొయ్యిల పెట్టిన మామా."

ఆయన కాళ్లు కడుక్కొని అన్నానికి కూర్చున్నాడు. మెచ్చుకోవడానికి మొహమాటపడుతున్నాడని అనుకున్నాను.

ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం హుస్నాబాద్ దగ్గరి పల్లె నుంచి నలభై ఏళ్ల ఆమె వచ్చింది. కొంగు ముడి విప్పి, రేషన్ కార్డు మడతలోంచి మా చీటీ తీసింది. నాలుగు వందల పన్నెండు.

"శుక్రారం నాడు మా ఇంటాయన ఏడాది మాసికం చెల్లె. గోడకున్న ఫొటో చెదలు తిన్నయి. పుట్టి బుద్ధెరిగినంక గాయిన గదొక్కటే ఫొటో దిగిండు. గది కావాలె."

నేను హుషారుగా నాలుగు వందల పన్నెండు తీసి వెలుతురుకు పట్టి చూపించాను. గుబురు మీసాలాయన ఒక్కడే, మెడ దాకా. ఆమె చాలాసేపు మర్యాదగా చూసింది.

"గీయన ఎవలో నాకెర్క లేదు చెల్లె. నేను సుత పక్కకు కూసున్న గద."

చీటీ మళ్లీ చూశాను. ఆమె చీటీ మీద ఉన్నది పాత నంబరు. నెగెటివ్ మీది ఆ నంబరును నేనే బ్లేడుతో గీకేశాను. మామ చీకటి గదిలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏ పరదా ముంగట దిగిండ్రమ్మా?"

"గాలిమోటరు పరదా సారూ."

"గాలిమోటరా. అంటె మావోడు ఇంటరు తప్పిన ఏడు."

ఇన్నాళ్ల ఆయన లెక్క నాకు అప్పుడు అర్థమైంది. నంబరు చీటీలో ఉంటుంది, సంవత్సరం ఫొటోలోనే ఉంటుంది. దిగినవాళ్లు తారీకు మరిచిపోవచ్చు గానీ, వెనక గాలిమోటరు, అంటే విమానం, ఉందా హంసలున్నాయా మరిచిపోరు. నేను వేలు పెట్టకపోతే ఆ ఏటి డబ్బాలోంచి మామ నిమిషంలో కవరు తీసి ఇచ్చేవాడు. సిగ్గుతో నాకు ఏడుపొచ్చింది. ఆయన అదేమీ ఎత్తకుండా, "జంటల డబ్బ దియ్యి బిడ్డా. గదన్న ఏరి పెట్టినవ్, మంచిగైంది" అన్నాడు.

జంటలు వెయ్యికి పైనే ఉన్నాయి. ఆమె ఊరి బస్సు ఐదింటికి. ముగ్గురం గడపలో కూర్చున్నాం. మామా నేనూ ఒక్కో నెగెటివ్ ఎత్తి చూసి, తెల్ల విమానం నల్లటి జెల్ల చేపలా కనబడినవన్నీ ఆమె ఒడిలో వేస్తున్నాం. ఆమె ఒక్కోటి ఎండకు పట్టి, తల అడ్డంగా ఊపి పక్కన పెడుతోంది. నెగెటివ్‌లో మనిషిని పోల్చుకోవడం అలవాటు లేనివాళ్లకు కష్టం. చూసీ దాటేసిందేమోనని నాకు ప్రాణం కొట్టుకుంటోంది. మూడు దాటింది. నేను రెండుసార్లు మంచినీళ్లిచ్చాను, ఆమె అడక్కుండానే.

ఒకచోట ఆమె చెయ్యి ఆగింది.

"గిదే. గొడుగు వట్టుకున్నడు చూడు. మాది గాదు, షోకుకు సర్పంచుది అడుక్కచ్చిండు."

మామ ఆ నెగెటివ్ తీసుకుందామని చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వలేదు, ఇంకా చూస్తూనే ఉంది.

"ఎంటికలేంది చెల్లె, తెల్లగున్నయి?"

"గిండ్ల అన్నీ ఉల్టా ఉంటయక్కా. నల్లయి తెల్లగ, తెల్లయి నల్లగ."

"ముప్పై తొమ్మిదేండ్లకే పోయిండు. ఒక్క ఎంటిక సుత నెరవలే." వేలి చివరతో అంచు మీద నెమ్మదిగా రాసింది. "ముసలోడైతె గిట్లుంటుండె. గిదో, పక్కకు నేను సుత ముసల్దాన్నే."

మామ ప్రింటు తీసి, ఆరబెట్టి, అట్టకు అంటించి ఇచ్చాడు. నల్లని జుట్టుతో, అరువు గొడుగుతో మనిషి శుభ్రంగా వచ్చాడు. ఆమె దాన్ని కళ్లకద్దుకొని సంచిలో పెట్టుకుంది. అయినా లేవలేదు.

"గా ముసలోళ్లది సుత ఇయ్యవా చెల్లె?"

నెగెటివ్ గడప దాటకూడదన్నది స్టూడియో కట్టుబాటు. దాన్ని మామకన్నా గట్టిగా పట్టుకున్నదాన్ని నేను. మామ వైపు చూశాను.

"నన్నెందుకు చూస్తవ్ బిడ్డా. నంబర్లు నీయే గద" అన్నాడాయన.

రెండు వేల మూడు వందల పదిహేడో కవరులోంచి తీసి ఇచ్చాను. మా ఆయనకు తెల్ల వెంట్రుకలు వచ్చేదాకా నేను చూస్తానా అని ఆ పూటే మొదటిసారి భయమేసింది. ఆమె ఐదింటి బస్సు అందుకుంది.

ఆ దసరాకు మామ కొత్త పరదా కట్టాడు. కొత్త పుస్తకంలో ఒకటి అని నేనే రాశాను. పాత డబ్బాలు మళ్లీ సర్దలేదు. వాటిలో రెండు వేల మూడు వందల పదిహేడో కవరు ఇప్పటికీ దాని చోటనే, ఖాళీగా ఉంది.