అల్యూమినియమా, ఫైబరా: డిండి నీళ్ళ మీద డేనియల్ అంకుల్ పడవ పరీక్ష

ఈ ప్రయాణం మా పక్కింటి వంటగదిలో మొదలైంది. మాదన్నపేటలో మాకూ డేనియల్ అంకుల్ వాళ్ళకూ మధ్య ఒకటే గోడ. అంకుల్ బస్సు డిపోలో బాడీ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యారు. బస్సులకు అల్యూమినియం రేకులు అమర్చి రివెట్లు కొట్టడం ఆయన పని. ఆయన స్నేహితుడు ఖలీల్ భాయ్‌కి కార్వాన్‌లో ఒక షెడ్డుంది, అందులో ఫైబర్‌తో నీళ్ళ ట్యాంకులు చేస్తారు. ఇద్దరికీ గాలం పిచ్చి. ఒకరికి శుక్రవారం నమాజు, ఇంకొకరికి ఆదివారం ప్రార్థన ఉంటాయి కాబట్టి ఏళ్ళ తరబడి చేపలకు శనివారం కేటాయించారు. అయితే ఈ మధ్య గ్లకోమా వల్ల అంకుల్ చూపు బాగా తగ్గిపోయింది. ఇప్పుడు ఆయనకు వెలుగూ నీడా తెలుస్తాయి, మనుషుల్ని గొంతును బట్టి గుర్తుపడతారు. రెండుసార్లు చెరువు గట్టు మీద జారిపడ్డారు. దానికి ఆయన కనిపెట్టిన పరిష్కారం పడవ కొనడం.

"గట్టు మీదనే జారెటోనివి, నీళ్ళల్లకు పోతవా?" అని ఆయన భార్య సుగుణ ఆంటీ గరిటె ఎత్తింది.

"గట్టు మీదైతె నడవాలె. పడవల కూసుంటె ఐపాయె. జారెటిదేముంది?" అన్నారు అంకుల్. ఆ తర్కం విన్నాక ఆంటీ కోపం ఇంకా పెరిగింది.

చివరికి న్యాయమూర్తి పదవి నా నెత్తిన పడింది. "ఈ పిల్ల మీతోని వస్తది. దీనికి భయం కాకపోతె నాకు గూడ కాదు. భయమైందని చెప్పిందనుకో, గాలాలు అటక మీద పెట్టేస్త. మల్ల నన్ను అడగొద్దు" అంది ఆంటీ. అంకుల్ ఒప్పుకున్నారు. నేను డిగ్రీ రెండో ఏడాదిలో ఉన్నాను. ఒకరి ఇష్టం మొత్తం నా ఒక్క మాట మీద ఆధారపడటం అదే మొదటిసారి.

పరీక్షకు చదివినట్టే పడవల గురించి చదివాను. చెరువుల్లో, రిజర్వాయర్లలో చేపలు పట్టడానికి చిన్న పడవ కావాలంటే దారులు రెండు. అల్యూమినియం తేలిక, ఇద్దరు మనుషులు ఎత్తి ఒడ్డుకు చేర్చగలరు. రాయి తగిలితే సొట్ట పడుతుంది గానీ తొందరగా పగలదు. కాకపోతే ఎండకు పెనంలా కాలుతుంది, గాలికి పక్కకు కొట్టుకుపోతుంది, ప్రతి చిన్న అలకూ చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడుకు చేపలు దూరం జరుగుతాయి. ఫైబర్ బరువుగా ఉంటుంది, నీళ్ళ మీద కుదురుగా నిలబడుతుంది, అంతగా కాలదు, చప్పుడు చేయదు. రాళ్ళకు చీలితే రెసిన్ జిగురు పూసి ఇంటి దగ్గరే అతుకు వేసుకోవచ్చు. కుదురు, చల్లదనం, నిశ్శబ్దం: ఈ మూడు మాటలూ నాకు నచ్చాయి. చూపు లేని మనిషికి ఫైబరే సరైనదని తేల్చేశాను. ఖలీల్ భాయ్ పొంగిపోయారు.

"సూసినవా మియా? సదువుకున్న పిల్ల గూడ నా దిక్కే ఉన్నది. నీ బస్సు రేకులు నక్కో, వద్దే వద్దు!"

"నీ ట్యాంకులల్ల కప్పలు పెరుగుతయి, చేపలు కావు" అన్నారు అంకుల్. కాసేపటికి "సరే, ఫైబరే కానియ్యి" అన్నారు. సుగుణ ఆంటీ కోసమే ఒప్పుకున్నారని నాకు అర్థమైంది.

డిండి రిజర్వాయర్ దగ్గర చేపలు పట్టే బాలయ్య ఖలీల్ భాయ్‌కి పాత పరిచయం. ఆయన దగ్గర రెండు పడవలున్నాయి, ఒకటి అల్యూమినియం, ఒకటి ఫైబర్. కొడుకు వేరే పనిలోకి వెళ్ళడంతో ఒక్కటి చాలనుకుని, ఏది నచ్చితే అది తీసుకోమన్నాడు. కొన్న పడవను తన ఒడ్డునే కట్టుకోవచ్చని కూడా చెప్పాడు. మీరూ వెళ్ళాలనుకుంటే ముందుగా అక్కడి మత్స్యకారుల సంఘం వాళ్ళను అడగండి, వాళ్ళ ఒప్పుదల లేకుండా గాలం వేయడం మర్యాద కాదు. మా తరఫున బాలయ్య అడిగి పెట్టాడు.

శనివారం ఉదయం ఆరు గంటలకు ఇమ్లీబన్ బస్టాండులో అచ్చంపేట బస్సు ఎక్కాం. టికెట్టు రెండు వందల లోపే. గాలం కర్రల సంచిని చూసి కండక్టర్ "లగేజా, మనిషా?" అన్నాడు. "మా మూడో దోస్తు. పండుకున్నడు, లేపకు" అన్నారు అంకుల్. తుక్కుగూడ దాటాక నగరం పల్చబడి, కడ్తాల్ దగ్గర బండరాళ్ళ గుట్టలు మొదలవుతాయి. ఆమనగల్లులో బస్సు ఆగినప్పుడు సుగుణ ఆంటీ కట్టిచ్చిన సర్వపిండి తిన్నాం. దారి పొడవునా అంకుల్ కిటికీ వైపు ముఖం పెట్టుకుని కూర్చున్నారు. ఏం కనబడుతోందని అడగలేకపోయాను. దాదాపు మూడు గంటల ప్రయాణం. డిండిలో దిగి ఆటో ఎక్కితే పది నిమిషాల్లో నీటి ఒడ్డు.

ఆ ఉదయం గాలి లేదు. నీళ్ళు ఇస్త్రీ చేసిన గుడ్డలా ఉన్నాయి. ఉన్న నాలుగు లైఫ్ జాకెట్లలో మూడు బాలయ్య మాకు తొడిగించి, ఒకటి తాను వేసుకుని, ఫైబర్ పడవలో మమ్మల్ని ఎక్కించుకున్నాడు. నేను చదివిందంతా నిజమే. పడవ కదలక మెదలక సాగింది, తెడ్డు చప్పుడు తప్ప ఇంకేదీ లేదు. అంకుల్ వేలికి దారం చుట్టుకున్నారు. బెండు మునగడం కనబడకపోయినా, చేప కొరికితే వేలికి తెలిసిపోతుందట. ఖలీల్ భాయ్‌కి అరగంటలో రెండు బొచ్చె చేపలు పడ్డాయి.

అంకుల్ మాత్రం రెండో చేత్తో పడవ అంచును వదలలేదు. వేళ్ళు తెల్లబడేంత గట్టిగా పట్టుకున్నారు.

"ఒడ్డు ఎటున్నది బిడ్డా?" అని అడిగారు. చెప్పాను. కాసేపటికి మళ్ళీ అడిగారు. మళ్ళీ చెప్పాను. మూడోసారి ఆయన గొంతు చిన్నదైపోయింది. "ఏం లేదు, ఊకనే అడిగిన" అన్నారు.

నాకు భయమేసింది. పడవ మునుగుతుందని కాదు. చుట్టూ చప్పుడు లేక, ఎదురుగా చూపు లేక ఆయన ఎక్కడా లేనట్టు కూర్చున్నారు. ఆంటీకి ఏం చెప్పాలో ఆ క్షణంలోనే నిశ్చయమైపోయింది.

మధ్యాహ్నం బాలయ్య భార్య లక్ష్మమ్మ ఆ బొచ్చెలతోనే పులుసు పెట్టి, జొన్నరొట్టెలు వేసింది. ముందుగా చెబితే ఎవరికైనా వండి పెడుతుంది, సరుకుల ఖర్చు ఇచ్చి పైన మీకు తోచింది ఇవ్వండి. "ఏందన్నా, తింటలేవు? ముండ్లకు భయపడుతున్నవా?" అని ఆమె అంకుల్‌ని అడిగింది. "ముండ్లు తీసుడు నాకు కండ్లున్నప్పుడు గూడ రాలే" అన్నారాయన. అందరం నవ్వాం. ఆయన రొట్టె మాత్రం సగం దగ్గరే ఆగిపోయింది.

తిరిగి వెళ్ళిపోదామని నేననబోతుంటే ఖలీల్ భాయ్ లేచారు. "ఇంత దూరం వచ్చినం. ఆ రేకు డబ్బను గూడ ఒక్కసారి సూసిపోదాం. లేకుంటె బస్సు దిగెటిదాంక సతాయిస్తడు."

అప్పటికి గాలి లేచింది. అది ఆనకట్ట వైపు నుంచి వస్తోందనీ, ఒడ్డుకు వీపు పెట్టి కూర్చుంటే కట్ట ఎడమకు ఉంటుందనీ బాలయ్య అంకుల్‌కి చెప్పాడు. కాలుతున్న అల్యూమినియం బల్లల మీద బాలయ్య తడి గోనెసంచులు పరిచాడు. ఒడ్డు వదలగానే పడవ అడుగున టప్ టప్, టప్ టప్ అని మొదలైంది. అల పెద్దదైతే దబ్‌మంటోంది. పడవ కూడా ఫైబర్ కంటే ఎక్కువ ఊగుతోంది. నేను రెండు చేతులతో బల్ల పట్టుకున్నాను. అంకుల్ వైపు చూస్తే, ఆయన అంచు వదిలేసి ఉన్నారు! తల కొద్దిగా పక్కకు వంచి వింటున్నారు.

"ఇప్పుడు కుడి దిక్కు కొడుతున్నయి" అన్నారు. మరికాసేపటికి "బాలయ్యా, తిప్పినవు గదా? ముందలికి వచ్చినయి" అన్నారు.

ఖలీల్ భాయ్ బాలయ్యకు సైగ చేశారు. బాలయ్య మాట్లాడకుండా పడవను రెండు చుట్లు తిప్పి ఆపాడు. "ఇగ చెప్పు మియా, ఒడ్డు ఎటున్నది?"

అంకుల్ ఒక్క క్షణం విన్నారు. "గాలి కట్ట దిక్కుకెళ్ళి వస్తున్నది. అలలు నా ఎడమకు కొడుతున్నయి. అంటె కట్ట ఎడమకున్నది. ఒడ్డు నా ఎనక" అని వేలు చూపించారు. సరిగ్గా అక్కడే లక్ష్మమ్మ గిన్నెలు తోముతోంది.

ఖలీల్ భాయ్ గడ్డం గోక్కున్నారు. "పొద్దుగాల గాలి లేకుండె. నా ఫైబర్‌కు గూడ ఇంకో చాన్సియ్యాలె గద" అన్నారు. న్యాయమైన మాటే. మళ్ళీ ఒడ్డుకు వెళ్ళి, అదే గాలిలో ఫైబర్ ఎక్కి, అలాగే తిప్పాం. మందపాటి ఫైబర్ మీద అలలు మెత్తగా జారిపోతున్నాయి. అంకుల్ చాలాసేపు విని, వేలు ఎత్తారు. ఆ వేలు రిజర్వాయర్ నడిమధ్యలోకి చూపిస్తోంది.

"అటేనా?" అని అడిగారు అంకుల్.

ఖలీల్ భాయ్ ఆయన భుజం మీద చెయ్యి వేసి, ఆ వేలును మెల్లగా దించారు. "బాలయ్యా, ఫైబర్ నువ్వే ఉంచుకో. మాకు రేకు డబ్బ చాలు."

"అరె, ఆ లొల్లికి చేపలు రావు ఖలీలూ! నీకు ఒక్కటి గూడ పడదు" అన్నారు అంకుల్.

"పడకపోతె బేగంబజార్ల కొనుక్కపోదాం. ఇంట్ల చెప్పకు, ఐపాయె. ఫికర్ ఏంది?"

సాయంత్రం ఏడున్నరకు ఇల్లు చేరేసరికి సుగుణ ఆంటీ గుమ్మంలోనే ఉంది. అంకుల్‌ని లోపలికి పంపి నన్ను ఆపింది. "నువ్వు చెప్పు. భయమైందా?"

ఉన్నదున్నట్టు చెప్పాను. పొద్దున ఒక పడవలో భయపడ్డాననీ, మధ్యాహ్నం ఇంకో పడవ బాగా ఊగినా, ఆయన్ని చూస్తే భయం వేయలేదనీ, ఖలీల్ భాయ్ లేకుండా, లైఫ్ జాకెట్టు లేకుండా మాత్రం పంపొద్దనీ చెప్పాను.

"గంత చప్పుడుకు చేపలు పడతయా?"

"తక్కువ పడతాయి ఆంటీ."

"మంచిదే. తోమే బాధ తప్పుతది" అని కొంగుతో ముఖం తుడుచుకుని లోపలికి వెళ్ళింది. గాలాలు అటక ఎక్కలేదు.

నేను చదివిన ప్రతిచోటా చప్పుడును అల్యూమినియం లోపాల్లోనే రాశారు. వాళ్ళు రాసింది తప్పు కాదు, చేపల కోసం వెళ్ళే వాళ్ళకు అది లోపమే. నేను కూడా కుదురు, చల్లదనం, నిశ్శబ్దం అనే మాటలు అందంగా ఉన్నాయని వాటి వైపు మొగ్గాను. ఆ నిశ్శబ్దంలో కూర్చోవాల్సిన మనిషికి అది ఎలా ఉంటుందో ఆలోచించలేదు. టప్ టప్ అనే ఆ చప్పుడు రాయడానికి పెద్ద సొగసైన మాటేమీ కాదు. అయినా ఈ మధ్య నేను విన్నవాటిలో నాకు బాగా నచ్చిన మాట అదే. ఆ చప్పుడులో ఒక మనిషి ఒడ్డును వెతుక్కోవడం నేను చూశాను.

పడవ కొనాలనుకునే వాళ్ళకు ఒక్క సూచన: రెండు రకాలూ ఎక్కి చూడకుండా తేల్చుకోకండి. అదీ గాలి వీచే మధ్యాహ్నం పూట, ఆ పడవలో రోజూ కూర్చోబోయే మనిషిని వెంట తీసుకెళ్ళి చూడండి. పడవను గమనించినంతసేపు ఆ మనిషి చేతుల్ని కూడా గమనించండి.