అందరి గడ్డలూ సగమైన వారం

2023 వానాకాలం. కొత్తపేటలో, పండ్ల మార్కెట్ తరలిపోయాక కాస్త నెమ్మదించిన వీధిలో, ఒక స్కానింగ్ సెంటర్. ఊపిరితిత్తుల్లో గడ్డ ఉండి చికిత్స పొందుతున్నవారికి సీటీ స్కాన్ తీసి, గడ్డ పెరిగిందా తగ్గిందా అని కొలిచి చెప్పడం అక్కడ ముఖ్యమైన పని. కొలిచే సాఫ్ట్‌వేర్ మా ఎల్బీనగర్ ఆఫీసులో తయారైంది. అందులో నా పని బయటికి కనిపించేది కాదు.

మనిషి రాసిన ప్రోగ్రామ్‌ను యంత్రానికి అర్థమయ్యే ఆదేశాలుగా మార్చేది కంపైలర్. లక్షల అంకెల్ని ఒక్కసారిగా లెక్కపెట్టాలంటే మామూలు కంప్యూటర్ చాలదు. అందులో యాక్సిలరేటర్ కార్డు అమరుస్తారు. కూడికలాంటి నిత్యం కావలసిన పనుల్ని కంపైలర్ ప్రతిసారీ కొత్తగా తయారుచేయదు. ముందే సిద్ధంగా ఉంచిన సపోర్ట్ లైబ్రరీల నుంచి తీసుకుంటుంది. ఒక్కో రకం కార్డుకు ఒక్కో లైబ్రరీ. వాటిలోని ఫైళ్ల పేర్లు మాత్రం అన్నిట్లోనూ ఒకటే. తేడా తెలిసేది ఫోల్డర్ పేరును బట్టే. ఏ కార్డు లైబ్రరీ ఎక్కడ ఉండాలి, కంపైలర్ దాన్ని ఎక్కడ వెతకాలి అన్నది సర్దిపెట్టడమే నా ఉద్యోగం.

ఆ సెంటర్‌లో కొలతలు లెక్కగట్టే పాత కంప్యూటర్ మిషన్ పక్కన, కొత్తరకం కార్డుతో మరో మిషన్ అప్పుడే పెట్టారు. దాన్ని సిద్ధం చేసింది రమేష్. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లకు కంప్యూటర్ ల్యాబులు ఏర్పాటుచేసే మనిషి, పనిమంతుడు. అలాంటిదే ఇంకొకటి పెట్టాలంటే, చోటు చూడడానికి నేను వెళ్లాను.

స్కాన్లు చదివే డాక్టర్ సునీత గుంటూరావిడ. నన్ను చూడగానే నవ్వారు.

"మీ కొత్త మిషన్ భలే ఉందండీ. పాతదైతే నేను టీ తాగి వచ్చినా లెక్కపెడుతూనే ఉండేది. పైగా ఇది అన్నీ మంచి వార్తలే చెబుతోంది. ఈ వారం వచ్చినవాళ్లందరికీ గడ్డ తగ్గింది."

"ఎంత తగ్గిందండీ?"

"ఇంచుమించు సగం."

"అందరికీనా?"

ఆవిడ నవ్వు ఆగిపోయింది.

అంతకుముందు నేనొక దినపత్రిక కంప్యూటర్ విభాగంలో పనిచేశాను. వేర్వేరు మండలాల వార్తల్లో ఒకే అంకె వస్తే, డెస్క్‌లో పెద్దాయన కలం పక్కనపెట్టి ఫోన్ అందుకునేవారు. నేనూ సరిచూడాలనుకున్నాను. పోయిన నెల పాత మిషన్ కొలిచిన స్కాన్‌నే కొత్తదానిమీద కొలవమన్నాను. అదే మనిషి, అదే స్కాన్. ఇంచుమించు సగమే వచ్చింది.

రమేష్‌కు ఫోన్ చేశాను.

"కొత్త మిషన్‌ల లైబ్రరీలు ఎట్ల పెట్టినవ్ రమేష్?"

"పాతదాని డిస్క్ మొత్తం కాపీ కొట్టిన అన్నా. ల్యాబులల్ల గట్లనే చేస్తం కద, ఒకటి పక్కాగా సెట్ చేసి మిగతాయన్నీ దానికి కాపీ. ఫస్ట్ జర సతాయించింది, లైబ్రరీ దొరకలే అని ఆగింది. పాత ఫోల్డర్‌కే కొత్త కార్డు పేరు పెట్టిన. దెబ్బకు నడిచింది!"

నడిచింది. అదే ఘోరం. పాత కార్డులో ముప్పై రెండు వరసలు ఒకేసారి లెక్కచేస్తాయి. కొత్తదానిలో అరవై నాలుగు. పాత లైబ్రరీలోని కూడిక ముప్పై రెండు వరసల్ని కూడి, మిగతావి లేవనుకుని ఆగిపోతుంది. గడ్డ ఆక్రమించిన చుక్కలన్నీ కూడితేనే కొలత, అందులో సగం లెక్కలోకే రాలేదు. ఫోల్డర్ మీద పేరు సరిగ్గానే ఉంది కాబట్టి కంపైలర్ ఏమీ అనలేదు.

సంగతి చెబితే రమేష్ రెండోసారి చెప్పించుకున్నాడు. తర్వాత "ఒస్తున్న అన్నా" అని పెట్టేశాడు.

"లక్ష్మమ్మ గారని ఈరోజు వచ్చిన పేషెంట్ స్కాన్ చూసినప్పుడు గడ్డ తగ్గినట్టు నా కంటికి అనిపించలేదండీ," అన్నారు డాక్టర్, తెర వైపే చూస్తూ. "అంకె చూసి నా కళ్లనే అనుమానించాను. పొద్దున ఆవిడకూ, భర్త యాదగిరి గారికీ చెప్పేశాను కూడా. రిపోర్టు కోసం బయటే కూర్చున్నారు."

తలుపు అవతల యాదగిరి గొంతు వినిపిస్తూనే ఉంది. నాగోల్‌లో ఒకప్పుడు పొలాలు చేసిన కుటుంబం, ఇప్పుడు ప్లాట్ల వ్యాపారం. రిసెప్షన్ అమ్మాయికి మిఠాయి ఇస్తున్నాడు.

"తీస్కో బిడ్డా, నోరు తీపి చేస్కో. మా ఇంటామె గడ్డ సగం కరిగింది."

"ఈయన సంబురం చూస్తుంటే రోగం నాకు గాదు, ఈయనకే తగ్గినట్టున్నది," అంటోంది లక్ష్మమ్మ.

పాత మిషన్‌మీద లక్ష్మమ్మ స్కాన్ మళ్లీ కొలిచాం. గడ్డ తగ్గలేదు. కొద్దిగా పెరిగింది.

డాక్టర్ ఎవర్నీ పంపలేదు. తానే బయటికి నడిచారు. నేను వెనకే వెళ్లాను.

"యాదగిరి గారూ, పొద్దున నేను చెప్పింది తప్పండీ. మిషన్ తప్పుగా కొలిచింది. గడ్డ పెరిగింది."

"ఏంది మేడం, పొద్దుగాల సగమాయె, పగటీలికి పెరిగెనా? మాతోని ఆటలాడుతున్నరా?" ఆయన గొంతు హాలంతా వినిపించింది. భార్య ఆయన మోచేయి పట్టుకుని కూర్చోబెట్టింది. తర్వాత నావైపు తిరిగింది.

"గలత్ అయితుంటే గా మిషన్ చెప్పదా సారూ? మా ఇంట్ల మిక్సీ ఖరాబైనా గుర్రుమంటది కద."

"చెప్పేట్టు మేం చేయలేదమ్మా," అన్నాను.

రిపోర్టు అలాగే వెళ్లి ఉంటే, తర్వాతి స్కాన్ దాకా, అంటే మూడు నెలలు, పనిచేయని మందే వాడేవారు. సాయంత్రానికల్లా ఆమె క్యాన్సర్ డాక్టర్ మందు మార్చారు. ఆ వారం వచ్చిన ప్రతి ఒక్కరికీ సునీత గారే ఫోన్ చేశారు. రమేష్ పక్కనే కూర్చుని నంబర్లు కలిపి ఇచ్చాడు. ఒక్కో ఫోన్ అయ్యాక తల ఇంకొంచెం దించుకున్నాడు. అతన్ని ఎవరూ ఏమీ అనలేదు. "లైబ్రరీ దొరకలేదు" అని మాత్రమే చెప్పి, ఎందుకు దొరకలేదో, ఏం చేయాలో చెప్పని సాఫ్ట్‌వేర్ మాదే.

ఇప్పుడు మా కంపైలర్ ఫోల్డర్ పేరును నమ్మదు. లైబ్రరీ లోపలే అది ఏ కార్డుదో ముద్ర వేసి ఉంటుంది, అది సరిపోలాలి. సాఫ్ట్‌వేర్ తెరిచిన ప్రతిసారీ కొలత ముందే తెలిసిన గడ్డను ఒకదాన్ని కొలుస్తుంది. జవాబు తప్పితే ఆగిపోయి, ఎవరికి ఫోన్ చేయాలో తెలుగులో చెబుతుంది. పని ఆగిందని విసుక్కునే ఫోన్లు నాకు బాగానే వస్తుంటాయి.

చలికాలంలో లక్ష్మమ్మ మళ్లీ వచ్చింది. గడ్డ కొంచెం తగ్గింది. అంకె చెబితే ఆమె ఒప్పుకోలేదు. డాక్టర్ రెండు స్కాన్లూ పక్కపక్కన పెట్టి, అంచు నుంచి అంచుకు కొలిచి చూపించాకే కుర్చీలోంచి లేచింది. ఫైళ్లన్నీ సర్దేస్తే ఇన్‌స్టాలేషన్ అయిపోయినట్టేనని అన్నాళ్లూ అనుకునేవాణ్ని. జవాబు సరైందని కళ్లారా చూసేదాకా అది అయిపోనట్టేనని నేర్పింది లక్ష్మమ్మే.