ఖాజా మియా జమానత్

బిజినేపల్లి ఖాజా మియా ఒక్కసారి "నాది జమానత్" అన్నాడంటే ఆ మనిషి గురించి ఇంకెవరూ రెండో మాట అడిగేవారు కాదు. కాలువలు తవ్వడానికి ఊళ్లకు ఊళ్లు లారీలెక్కిన రోజుల్లో ఆయన మేస్త్రి. గుంపులో కొత్తవాడు చేరాలంటే పాతవాడొకడు వాడి భుజం మీద చెయ్యేసి ఆ మాట అనాలి. అన్నాక కొత్తవాడు పారిపోతే వాడి పని కూడా వీడే చేయాలి. కాగితం లేదు, సంతకం లేదు, అదే కట్టుబాటు.

సతీష్ వచ్చినప్పుడు ఎవరూ చెయ్యి వేయలేదు. ఊదితే ఎగిరిపోయేలా ఉన్నాడు మరి. చివరికి ఖాజా మియానే వేశాడు. వారం తిరక్కుండానే ఆ మహానుభావుడు కొత్త పెళ్లాం మీద బెంగతో ఉడాయించాడు. మేస్త్రి అయ్యుండి ఖాజా మియా తలకు తుండు చుట్టి వాడి మట్టి గంప మోశాడు. సంగతి తెలిసి సతీష్ తలవంచుకుని తిరిగొచ్చాడు. ఆ తర్వాత తను చనిపోయేదాకా ఆయన్ని విడవలేదు.

ఆ సతీష్ కూతురే సుహాసిని. వనపర్తిలో సివిల్ డిప్లొమా చేసింది. తండ్రి లేని ఇల్లు తల్లి కూలి మీదే నడుస్తోంది. ఈ ఏడు ఉద్యోగం రాకపోతే ఆమె కూడా తల్లి వెంట పత్తి ఏరబోవాల్సిందే. అందుకే లింక్డిన్‌లో పేరు పెట్టుకుని ఎవరెవరికో మెసేజ్‌లు పంపుతోంది. అందులోనే శ్రవణ్ కుమార్ కనిపించాడు. ఒకప్పుడు ఖాజా మియా గుంపు తవ్విన కాలువ మీద కుర్ర ఇంజనీరు, ఇప్పుడొక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో పెద్ద సారు. ఆమె మెసేజ్‌కు ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇక లాభం లేదని ఖాజా మియా పేరు మీద కూడా ఖాతా తెరిచి ఆయన మంచం దగ్గర కూర్చుంది.

"తాతా, నా పని గురించి నాలుగు మంచి మాటలు రాయాలె. అందులో అందరు గట్లనే రాసుకుంటరు."

"పని చూసి రాస్తరా?"

"చూడకుండనే."

ఖాజా మియా గడ్డం గోక్కున్నాడు. "మీ నాయన పని చూసిన. నీ పని నేను చూడలే బిడ్డా. చూడకుండ ఎట్ల చెప్త?"

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. సుహాసినికి ఏడుపొచ్చింది.

మర్నాడు ఆమె ఊళ్లోనే వసంత అనే ఆమె కట్టించుకుంటున్న కొత్త ఇంటి దగ్గర కొలతలు చూస్తుంటే, ఆయన కర్ర పొడుచుకుంటూ వచ్చి కుర్చీ వేయించుకున్నాడు. ఆ రోజే గోడ వంకర పోయింది. తాపీ పనివాడు కూలీ మీద విరుచుకుపడ్డాడు. తప్పెవరిదో సుహాసినికి ఒక్కదానికే తెలుసు. నోరు మూసుకుంటే సరిపోయేది, పైగా తాత చూస్తున్నాడు.

"ఆయనను అనకు అన్నా. గీత గీసింది నేను" అంది. గోడ తీయించి, పొద్దుగూకేదాకా తనే ఇటుకలందిస్తూ మళ్లీ కట్టించింది. ఉన్న ఆశ కూడా ఈ గోడతోనే పోయిందనుకుంది.

"ఫోన్ తియ్యి" అన్నాడు ఖాజా మియా. "రాయి. శ్రవణ్ సారూ, నేను ఖాజాను. కడుపుల మంట తగ్గిందా? కారం జర తక్కువ తింటున్నవా?"

"తాతా, గిట్ల రాయొద్దు. ఇది ఉద్యోగాల జాగ."

"మనిషిని పలకరించకుండ పని అడుగుతరా?"

దీపాలు పెట్టే వేళకు జవాబొచ్చింది. "మేస్త్రీ, నీ డేరాల జొన్న గటక తిన్నంక పోయిన మంట మళ్ల రాలే. ఏం పని పడ్డది?"

సుహాసిని అది చదువుతుంటే ముసలాయన కళ్లు చెమర్చాయి. ఆ డేరాలు, ఆ గటక కుండ, దాని చుట్టూ కూర్చున్న మనుషులు, అందరిలో చివర సతీష్. ఎంత మంది పోయారో. ఇప్పుడాయన కర్ర లేనిదే మంచం కూడా దిగలేడు. చెయ్యి చాచి సుహాసిని భుజం మీద వేశాడు.

"రాయి బిడ్డా. ఇది మన సతీష్ బిడ్డ. పనికి పెట్టుకో. జమానత్ నాది. పిల్ల నడుమల ఇడిసిపోతే ఆ పని నేనొచ్చి చేస్త."

సుహాసిని ఆ వాచిన మోకాళ్ల వైపు చూసింది. ఒక్క మాట కూడా మార్చకుండా రాసి పంపింది.

జవాబు వెంటనే వచ్చింది.

"సతీష్ బిడ్డనా? అయితే ఇడిసిపోయినా తిరిగొస్తది. పంపు, మేస్త్రీ."