గోడలోంచి వచ్చిన పాఠాలు

పోయిన నెలలో ఒక సోమవారం పొద్దున మా పక్కింటి సార్ చనిపోయారు. నేను పొయ్యి మీద పాలు పెట్టి, కంప్యూటర్ ముందు కూర్చుని ఎవరిదో పెళ్లిపత్రికలో తప్పులు దిద్దుతున్నాను. గోడ అవతలి నుంచి సార్ భార్య పిలిచింది. ఆమెను నేను అక్క అంటాను.

"చెల్లె, ఒక్కసారి రావా. సార్ లేస్తలేడు."

ఆ గొంతులో కంగారు లేదు. అందుకే నాకు భయం వేసింది. నేను పోయేసరికి సార్ కుర్చీలోనే ఉన్నారు. తల ఒక పక్కకు వాలి ఉంది. అక్క కింద కూర్చుని ఆయన పాదాలు రుద్దుతున్నది. "సల్లగైనయి" అంది నా వైపు చూడకుండానే. రుద్దడం మాత్రం ఆపలేదు.

కరీంనగర్‌లో చాలామందికి ఆయన ఫిజిక్సు సార్. ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పాఠం చెప్పేవారు. సాయంత్రాలు ఇంటి అరుగు మీద చాపలు పరిచి ట్యూషన్ చెప్పేవారు. ఆయన ఇంటికీ మేం అద్దెకున్న ఇంటికీ మధ్య ఒకటే గోడ. నా భర్త మస్కట్‌లో పనిచేస్తాడు. ఇంట్లో నేను, మా అత్త, నా చిన్నబిడ్డ. నేను ఇంట్లోనే కంప్యూటర్ పెట్టుకుని పెళ్లిపత్రికలు, రసీదు పుస్తకాలు, కరపత్రాలు తయారుచేస్తాను.

ముందు ఆయన గొంతు గురించి చెప్పాలి. వీధి మొదట్లో ఆటో దిగినవాళ్లకు వినపడేంత గొంతు అది. నేను వంటింట్లో ఉల్లిగడ్డలు కోస్తుంటే గోడ అవతల ఘర్షణ, గురుత్వం, కాంతి పాఠాలు నడిచేవి. మంథనిలో ఇంటర్ సగంలో ఆపేసి పెళ్లయి వచ్చినదాన్ని నేను. ఆగిపోయిన చదువులో కొంత ఆ గోడలోంచే నా చెవిన పడింది. పిల్లలను ఆయన "సమజైందా" అని అడిగేవారు కాదు. "సమజైందని అందరంటరు. ఏం సమజైందో చెప్పు" అనేవారు. చాక్‌పీసు చేతులు బనియన్‌కు తుడుచుకోవడంతో ఆయన పొట్ట మీద ఎప్పుడూ తెల్లటి చారలు ఉండేవి. అక్క తెచ్చిన చాయ్ చల్లారిపోయేది. అది చల్లారిందన్న సంగతి కూడా తెలియకుండా తాగేసేవారు.

ఒక చలికాలం ఆ గొంతు బొంగురుపోయింది. చాక్‌పీసు దుమ్ము అన్నారు. మిరియాల కషాయం తాగారు, తమలపాకు నమిలారు. ఎండలు వచ్చినా తగ్గలేదు. హైదరాబాదు పోతే క్యాన్సర్ అని తేలింది. స్వరపేటిక మొత్తం తీసేశారు. మెడ కింద చిన్న రంధ్రం పెట్టి, ఇక ముక్కుతో కాదు, దాంతోనే ఊపిరి అన్నారు. బస్టాండ్‌లో దిగి ఇంటికి వచ్చిన రోజు మెడకు తెల్ల రుమాలు కట్టుకుని ఉన్నారు. నేను "సార్, ఎట్లున్నరు" అన్నాను. ఆయన నోరు కదిలింది. రుమాలు కింద గాలి బుస్సుమన్న చప్పుడు తప్ప ఇంకేమీ రాలేదు. అలవాటుగా నోరు తెరిచినందుకు సిగ్గుపడ్డట్టు తల దించుకుని లోపలికి పోయారు.

కాలేజీ వాళ్లు విశ్రాంతి తీసుకోమన్నారు. ట్యూషన్ పిల్లల తండ్రులు పండ్లు పట్టుకుని వచ్చి పలకరించి, పిల్లలను వేరేచోట చేర్చుకున్నారు. ఎవరినీ తప్పుపట్టలేను. అరుగు ఖాళీ అయింది. లోపల బల్ల మీద అరచేత్తో కొట్టే చప్పుడు మొదలైంది. అక్కను పిలవాలంటే ఆయనకు అదొక్కటే దారి. మొదట్లో ఆ దెబ్బల్లో కోపమే ఎక్కువ. పలక మీద రాసి చూపించేవారు. అక్క చదివింది ఐదో తరగతి. ఆమె కూడబలుక్కుని చదివేలోపే ఓపిక పట్టలేక తుడిచేసేవారు.

ఆ తరువాత ఒక పాత కంప్యూటర్ కొనుక్కున్నారు. ఎందుకని అడిగితే పలక మీద రాశారు: "నోటితో చెప్పిందంతా రాసి పెడత. సర్కారు కాలేజీల తెలుగు మీడియం పిల్లలకు పనికొస్తది." తెలుగు అక్షరాలు ఎక్కడెక్కడున్నాయో నా దగ్గరే నేర్చుకున్నారు. వేలితో వెతుక్కుంటూ కొట్టేవారు. ఆయనకు ప్రింటర్ లేదు, నాకు ఉంది. పాఠం ఫ్లాపీలో ఎక్కించి గేటు దగ్గరికి వచ్చేవారు. నేను నా కంప్యూటర్‌లో వేసి కాగితాల మీద తీసి ఇచ్చేదాన్ని.

ఫ్లాపీలు మన ఎండకూ దుమ్ముకూ ఆగేవి కావు. చలన నియమాల పాఠం, బొమ్మలతో సహా, ఆయన వారాల తరబడి కష్టపడి కొట్టింది. అంతా ఒక్క ఫ్లాపీలో పట్టదని ముక్కలుచేసి ఎక్కించుకున్నారు, చోటు కోసమని తన దగ్గరిది చెరిపేశారు. నా దగ్గర అవి తెరుచుకోలేదు. తిప్పి వేశాను, మళ్లీ వేశాను. మిషన్ గరగరమంది తప్ప ఒక్క పేజీ కూడా రాలేదు. సార్ నా వెనకే నిలబడి చూస్తున్నారు. ఒక్కసారిగా కింద కూర్చుండిపోయారు. భుజాలు కదులుతున్నాయి, కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, చప్పుడు మాత్రం లేదు. మనిషి అట్లా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. మా అత్త గుమ్మంలోంచి చూసి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కొన్నాళ్లకు ఒక పత్రిక పట్టుకొచ్చారు. రెండు కంప్యూటర్లను ఒక తీగతో నేరుగా కలపొచ్చని, అప్పుడు ఒకదాంట్లో ఉన్నది ఇంకోదాంట్లోకి ఫ్లాపీ లేకుండానే వస్తుందని అందులో ఉంది. మౌసు తగిలించే చోటు పక్కన అటువంటిదే ఇంకొకటి ఖాళీగా ఉంటుంది, దానికి తగిలించాలి. అటువంటి తీగ మన ఊళ్లో ఎక్కడా దొరకలేదు. టీవీలు బాగుచేసే దుకాణంలో తీగా, కొసలకు పెట్టే బిళ్లలూ కొనుక్కొచ్చారు. సీసం కరిగించి అతికేటప్పుడు లేచే పొగ ఆయన మెడలో రంధ్రానికి పడదు. అందుకని ఆయన దూరంగా కూర్చుని పుల్లతో చూపిస్తుంటే, అక్క కొంగు నడుముకు చెక్కి, అతుకుడు కడ్డీ పట్టుకుని ఒక్కొక్క పోగు అతికింది.

"అప్పాలు కాల్చేదాని చేతికి గిది గూడ ఇచ్చినవా" అని ఆమె నవ్వింది. ఆపరేషన్ తరువాత ఆ ఇంట్లోంచి నవ్వు వినడం నాకు అదే మొదలు.

మధ్యగోడకు కింద చిన్న బెజ్జం కొట్టి తీగ ఇవతలికి తోశారు. తగిలిస్తే ఏమీ రాలేదు. సార్ పత్రికలోని బొమ్మ ముందు పెట్టుకుని చాలాసేపు ఆలోచించి, పలక మీద రాశారు: "నోటికి నోరు కలిపినం. ఇద్దరు ఒక్కసారి మాట్లాడితే ఎవరు వింటరు? నోటికి చెవి కలపాలె." ఇక్కడ పంపే పోగు అక్కడ అందుకునే చోటికి పోవాలి. అక్క మళ్లీ ఊడదీసి అటుది ఇటు చేసి అతికింది. ఈసారి నా తెర మీద ఆయన పాఠం పేరు కనపడింది. ఒక అట్టలోంచి ఇంకో అట్టలోకి కాగితాలు ఎగురుతున్నట్టు బొమ్మ వచ్చింది. తీగ నిదానమే. అన్నం ఉడికేంతసేపు పట్టింది ఒక పాఠానికి. కానీ వచ్చింది, ఒక్క అక్షరం పోకుండా.

పాఠాలతో పాటు చిన్న చిన్న మాటలూ రావడం మొదలైంది. "పాప ఏడుస్తుంది, చూడు" అని ఒకసారి. "ఇయ్యాల బడి పిల్లలు మంచిగ పాడుతున్నరు" అని ఒకసారి. ఒకరోజు ఇట్లా వచ్చింది: "మీ అక్క ఇయ్యాల ఏం కూర వండుతున్నదో వాసన చూసి చెప్పు. నాకు వాసన తెలుస్తలేదు. ఆపరేషన్ అయిన కాన్నుంచి లేదు. ఆమెకు చెప్పలే." గోడ మీదుగా చింతచిగురు పప్పు వాసన వస్తున్నది. అదే రాసి పంపాను. కాసేపటికి అవతల అక్క గొంతు వినపడింది: "ముద్ద నోట్లె పెట్టకముందే చింతచిగురని ఎట్ల కనిపెట్టినవు?" ఆ తరువాత ఆయన రోజూ అడిగేవారు. నేను రోజూ చెప్పేదాన్ని.

వేసవిలో మా బావ, అంటే నా భర్త అన్న, ఊరి నుంచి వచ్చాడు. గోడలో తీగ చూశాడు. వాకిట్లో నిలబడి వీధి వీధంతా వినేలా అరిచాడు.

"మొగడు దేశంల లేడు. గోడకు బొక్క పెట్టి పక్కింటాయనతోని ముచ్చట్లా? సిగ్గు శరం ఉండాలె!"

"నా పని గది బావా. సార్ పాఠాలు నేనే కాగితాల మీద తీస్త. అక్క ఇంట్లనే ఉంటది" అన్నాను.

"నాకు చెప్పకు. నలుగురు ఏమనుకుంటరో చెప్పు."

సార్ తన గేటు దగ్గరికి వచ్చారు. నోరు తెరిచారు. ఒకప్పుడు ఆ గొంతు ఒక్కసారి లేస్తే మా బావ అక్కడ నిలబడేవాడు కాదు. రుమాలు ఉబ్బింది, గాలి వచ్చింది, మాట రాలేదు. మా బావ నవ్వాడు. వాకిళ్లలో నిలబడ్డవాళ్లలో కూడా ఎవరో నవ్వారు. అక్క లోపలి నుంచి ఉరికొచ్చింది.

"నోరు లేనోని మీదనా నీ మొగతనం? గా పోగులు అతికింది నేను. గోడకు బొక్క పెట్టింది నేను. నన్నడుగు!"

మా అత్త కొడుకు చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. శుక్రవారం ఎస్టీడీ బూత్‌కు మస్కట్ నుంచి ఫోన్ వచ్చింది. "గా తీగ తీసెయ్యి" అన్నాడు నా భర్త. "తియ్య. నా పని నాకెరుక" అన్నాను. ఆయన ఫోన్ పెట్టేశాడు.

నేను ఇంటికి వచ్చేసరికి బెజ్జంలో తీగ లేదు. సార్ తన వైపు నుంచి గుంజేసుకున్నారు. పరుగున పోతే పలక చూపించారు: "నీ సంసారం ముఖ్యం. పాఠం మల్ల చెప్పుకోవచ్చు." నేను వద్దని కొట్లాడాను, ఏడ్చాను. ఆయన ఆ పలక తుడవకుండా అట్లాగే పట్టుకుని నిలబడ్డారు. మర్నాడు ఆ బెజ్జానికి అవతలి నుంచి సిమెంటు పూశారు.

తరువాత రోజూ అక్క ఫ్లాపీలు కొంగులో చుట్టుకుని తెచ్చేది. "తీగ పోతే పోయింది. నేను లేనా" అనేది. చెడిపోయినవి తిరిగి తీసుకుపోయేది, మళ్లీ తెచ్చేది. అట్లాగే కాంతి పాఠం దాకా అయింది. వానలు మొదలయ్యాక సార్ మెడలో ఇంకో గడ్డ లేచింది. హైదరాబాదు పోదామంటే తల అడ్డంగా ఊపారు. ముద్ద దిగడం కష్టమైంది. వేళ్లు వణికి ఒక అక్షరానికి ఇంకో అక్షరం పడేది. అయినా కొట్టేవారు. విద్యుత్తు పాఠం మొదలుపెట్టారు, పూర్తికాలేదు. మళ్లీ చెప్పుకోవచ్చన్న రోజులు రాలేదు.

ఆయన పోయిన వారం నా భర్త ఫోన్‌లో "మంచి మనిషి పోయిండట" అన్నాడు. "గా మాట మీ అన్నతోని అప్పుడంటే బాగుండు" అన్నాను.

దినం అయిన మర్నాడు నేను అక్క దగ్గర కూర్చుని ఉన్నాను. మందమర్రి నుంచి బస్సులో వచ్చిన ఒక ఆడపిల్ల గేటు దగ్గర నిలబడింది. గని కార్మికుని బిడ్డ, సర్కారు కాలేజీలో చదువుతున్నదట. ఎవరి దగ్గరో సార్ పాఠం కాగితాలు చూసి, మిగిలినవి అడిగి తీసుకుపోదామని వచ్చింది. సంగతి ఆమెకు తెలియదు.

"సార్ ఉన్నడా అమ్మా?"

నేను లేవబోయాను. అక్క నా చెయ్యి పట్టి ఆపింది.

"లేడు బిడ్డ. పోయిండు. నువ్వు కూసో" అంది. లోపలికి పోయి, ఉన్న కాగితాలన్నీ తెచ్చి ఆ పిల్ల ఒళ్లో పెట్టింది. గ్లాసుతో నీళ్లు పక్కన పెట్టింది. ఆ పిల్ల మొదటి కాగితం తీసి, అరుగు అంచున కూర్చుని చదవడం మొదలుపెట్టింది. వేలు గీత వెంట కదులుతున్నది. పెదవులు కదులుతున్నాయి, చప్పుడు లేదు. అక్క తలుపుచెక్కకు ఆనుకుని నిలబడి, ఆ పెదవుల వైపే చూస్తూ ఉండిపోయింది.