ఫ్యాను ఆపమన్న ఆవిడ

బెజవాడ ఎండల్లో సీలింగు ఫ్యాను ఆపమని అడిగిన మనిషిని ఒక్కరినే చూశాను. పటమటలో నేను కంప్యూటర్లు బిగించి అమ్మే రోజుల్లో పామర్రు నుంచి బస్సెక్కి వచ్చిన డీటీపీ ఆవిడ. ఇంట్లోనే కూర్చుని శుభలేఖలు టైపు చేసేది.

"మోత లేని కంప్యూటర్ కావాలండీ. ముందు ఆ పైన ఫ్యాను ఆపండి, వినాలి," అంది.

ఆపాను. చెమటలు కారుతుంటే ఒక్కో విడిభాగానికీ కరెంటిచ్చి తిప్పి చూపించాను. కొబ్బరికాయ ఊపి నీళ్ళు చూసినట్టు, ఆవిడ కళ్ళు మూసుకుని చెవి దగ్గర పెట్టుకునేది. మనిషి కూలబడేంత అలిసిపోయి ఉంది. చెవులు మాత్రం అలిసిపోలేదు. ప్రాసెసర్ ఫ్యాను మార్పించింది. హార్డ్ డిస్కు కరకరలాడుతోందని వద్దంది. పవర్ సప్లయి దగ్గరికొచ్చేసరికి నాకు ఓపిక పోయింది.

"ఇంట్లో చంటిపిల్లలున్నారాండీ?"

"లేరండీ. మావారు మంచంలో ఉన్నారు."

"ఆయనకి నిద్ర చెడుతుందనా?"

"ఆయనకి ఏదీ తెలియదండీ. నేను పని చేసుకుంటుంటే ఆయన ఊపిరి నాకు వినపడాలి."

షాపులో మెత్తగా తిరిగేవన్నీ ఏరి బిగించాను.

మరుసటి వేసవిలో కీబోర్డు పాడైందని మళ్ళీ వచ్చింది. చూడగానే లేచి ఫ్యాను స్విచ్చి మీద చెయ్యి వేశాను.

"ఉండనీయండి," అంది, బల్ల మీద సంచీ పెడుతూ. "ఇప్పుడు ఎంత మోతైనా పర్లేదండీ."