చోడవరంలో పాదాల లెక్క

ఆ ఏడాది నాకు పోయినవి వరసగా చెబుతాను. ఎడమకాలి చిటికెన వేలు ఒకటి. పక్క వేలి గోరు ఒకటి. తునిలో నేను పనిచేసే కలప అడితీలో పనిదినాలు నలభై ఒకటి. మా అన్నగారి అమ్మాయి పెళ్లిలో పంక్తి భోజనం. ఇక పోవడానికి మిగిలింది పాదమే. దానికీ మా డాక్టరుగారు పదిహేను రోజుల గడువు పెట్టారు. అరికాలి పుండు ఈలోగా మానుముఖం పట్టకపోతే చీలమండ పైకి తీసెయ్యాలన్నారు. నాకు చక్కెర జబ్బు ఉంది.

నేను బడికి వెళ్లింది మూడేళ్లే. దుంగ చుట్టుకొలత చూసి ఘనపుటడుగులు కట్టడం నాకు నేనే నేర్చుకున్నాను. చోడవరంలో దేవదానం అని పాదాలకు మాత్రమే వైద్యం చేసే ఆయన ఉన్నాడని అడితీకి వచ్చే బండివాడొకడు చెప్పాడు. ప్రయాణానికి రానూపోనూ రెండు రోజులు పోయినా పదమూడు మిగులుతాయని లెక్కవేసి బయలుదేరాను.

కొత్త పైసలు వచ్చిన ఏడాది అది. చెరకు నరికే రోజులు. తునిలో ఉదయం ఆరు నలభైకి పాసింజరు ఎక్కాను. మూడో తరగతి టిక్కెట్టు రూపాయి పన్నెండు పైసలు. తొమ్మిదింపావుకి అనకాపల్లి. రెండు ఇడ్లీ, చక్కెర వేయని కాఫీ. పదిన్నరకి బస్సు. చోడవరానికి ఆరణాలు. కొత్త లెక్కలో ముప్పై ఏడున్నర పైసలు కదా, అర పైసా మాటేమిటని కండక్టరుని అడిగాను.

"నువ్వే ఉంచీసుకో బాబూ, నాకు బరువైపోతాది" అన్నాడు. బస్సంతా నవ్వింది.

వెళ్లదలచినవారు ముందు సీట్లలో కూర్చోండి. వెనక కుదుపు పుండుకి మంచిది కాదు.

పదకొండూ నలభైకి దేవదానం గారి పెంకుటింటికి చేరాను. గుమ్మం బయట చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని, అరుగు మీద కాలు చాపాను. దేవదానం గారికి యాభై దాటాయి. యుద్ధకాలంలో పటాలంలో సిపాయిల పాదాలు చూసే పని నేర్చిన మనిషి. ఆయన పుండు వైపు చూడనేలేదు.

"సెప్పులేవండీ?" అన్నారు.

"బయట విడిచాను."

"ముందు నాకు సూపించాల్సినవి అవేనండి" అంటూ ఆయనే వెళ్లి నా ఎడమ చెప్పు తెచ్చారు. పెద్దమనిషి నా చెప్పు ముట్టుకున్నారని లేవబోయాను. ఆయన లోపల వేలు పెట్టి మెల్లగా తడిమారు. ఒకచోట వేలు ఆగింది. బయటికి తీస్తే కొనన రక్తపు చుక్క ఉంది. అట్టలోంచి బియ్యపుగింజంత మేకు మొన పొడుచుకొచ్చింది.

"ఈ మేకు కొట్టించి ఎన్నాళ్లయినాది?"

"ఏడు నెలలు."

"ఏడు నెల్లూ ఇది దిగుతానే ఉంది. మీ జబ్బుకి నొప్పి తెల్దు. నొప్పి కాపలావోడండి. మీ కాలికాడ ఆడు నిద్దరోయేడు."

ప్రతి దుంగలోనూ కంతలు వెతికే నేను నా చెప్పులోకి ఒక్కసారీ చూసుకోలేదు.

కాచిన నీళ్లతో కడిగి, పుండు అంచున గట్టిపడ్డ చర్మాన్ని చిన్న కత్తితో ఉల్లిపొరలా తీశారు. అంత నెమ్మదైన చెయ్యి నేను చూడలేదు. తొమ్మిది రోజులు కాలు నేల మీద పెట్టొద్దన్నారు. బస ఆయన అరుగు మీద నులకమంచం. తిండి చోడి అంబలి, అంటే రాగి జావ, కూర.

మూడో రోజు ఎడ్లబండి మీద నన్నూ బుచ్చయ్యపేట వైపు తీసుకెళ్లారు. అక్కడ రైతులు చెప్పులు వేసుకునేది సంతకి. చెరకు తోట గట్టు మీదికి రాగానే విడిచేస్తారు. నరికిన చెరకు మోళ్లు కత్తుల్లా ఉండేది ఆ తోటలోనే.

"తోటలో సెప్పులేటి బాబూ? నచ్చిమి తల్లి కాదేటి?" అన్నాడొక ముసలి రైతు, లక్ష్మీదేవిని చెప్పులతో తొక్కుతామా అన్నట్టు.

"కాలు పోతే నచ్చిమి నడిసి నీ ఇంటికొస్తాదేటి మావా? నువ్వే ఎల్లాల!" అన్నారు దేవదానం గారు.

ఆయన వాదన అంతటితో ఆపారు. సంచిలోంచి పాత టైరుతో కుట్టిన కొత్త చెప్పులు తీశారు. ఇవి ఊళ్లోకి రాకూడదు, కొడవలితోపాటు తోటలోనే ఉండాలన్నారు. ముసలాయన భార్యని పిలిచి, కొత్త నాగలికి పెట్టినట్టు వాటికి పసుపు బొట్టు పెట్టమన్నారు. ఆమె కాసేపు ఆలోచించి పెట్టింది. ముసలాయన వాటికి దండం పెట్టి, తొడుక్కుని తోటలోకి దిగాడు.

తిరుగుదారిలో దేవదానం గారు తన దిగులు చెప్పారు. ప్రతి ఆసుపత్రిలోనూ పాదాల పని తెలిసినవాణ్ణి ఒకణ్ణి వెయ్యమని పైవాళ్లకి నాలుగు అర్జీలు పెట్టారట. చివరికి వచ్చిన జవాబు, లెక్క చూపమని.

"నాకు కట్టు కట్టడం వొచ్చు, లెక్క కట్టడం రాదండి. ఫీజు వొద్దు. ఏ పాదం ఎలాగుందో వెయ్యి పాదాలు రాసియ్యండి, సాలు."

ఒప్పుకున్నాను. మర్నాటినుంచి మంచం మీద కూర్చునే వచ్చినవారి పాదాలు రాశాను. రెండేసి చొప్పున లెక్క సరిసంఖ్యలోనే నడిచింది. అయిదో రోజున కర్ర ఊతంతో ఒక నడివయసు మనిషి వచ్చాడు. మోడు గుచ్చుకున్న కాలికి రెండు నెలలు ఆకు పసర్లు కట్టుకున్నాడట.

"ఒకటే రాసుకో బాబూ. రెండోది కాటికి ముందెల్లిపోనాది" అని నవ్వాడు.

నేను నవ్వలేకపోయాను. ఒకటే రాశాను.

పదో రోజు ఉదయం కట్టు విప్పారు. రూపాయి బిళ్లంత ఉన్న పుండు కొత్త పైసా అంతయింది. అప్పటికి రాసినవి రెండు వందల నలభై మూడు పాదాలు. తొమ్మిదింటి బస్సు, పన్నెండింటి పాసింజరు. రైల్లో నా ఎదుటి ముగ్గురినీ పాదాలు చూపమన్నాను.

"ఏటి బాబూ, జాతకం సేతిలో సూత్తారు గానీ కాల్లో సూత్తారేటి?" అన్నాడొకడు. అయినా చాపారు. మరో ఆరు.

గడువుకి ఇంకా నాలుగు రోజులుండగా మా డాక్టరుగారికి కాలు చూపించాను. ఆయన కత్తి మాట ఎత్తలేదు. మేకు సంగతి విని, నా చెప్పు అడిగి తీసుకుని, లోపల వేలు పెట్టి చూశారు.

చోడవరం వెళ్లే పాఠకులు పాత చెప్పులు మరిచిపోకండి. నేను అడితీకి వచ్చే ప్రతి బండివాడి కాళ్లూ ఇప్పటికీ రాస్తూనే ఉన్నాను. నిన్నటికి తొమ్మిది వందల ముప్పై ఏడు. దేవదానం గారికి ఇంకా అరవై మూడు పాదాలు బాకీ.