అత్తకు ఒబ్బట్లు

ఆ మధ్య ఒక క్రిస్మస్ నాడు బెంగళూరులో హూడి వెళ్ళే బస్సెక్కాను. పక్కన కూర్చున్న నడివయసు ఆవిడ ఒళ్ళోని డబ్బా నుంచి నేతి వాసన వస్తోంది.

"కేకాండీ?" అన్నాను.

"ఒబ్బట్లప్పా. మా అత్తకు ఇష్టం."

క్రిస్మస్‌కి ఒబ్బట్లా అని ఆశ్చర్యపోయాను. అత్తగారు హిందువట. కిరస్తానీ కోడలి చేతి వంట ముట్టేది కాదట. ఏటా పండక్కి తీసుకెళ్ళిన కేకు అలాగే తిరిగొచ్చేది. చివరికి విసిగిపోయి ఈవిడ వెళ్ళడమే మానేసింది. కొన్నేళ్ళకు అత్తగారికి మతిమరుపు జబ్బు వచ్చింది.

"ఇప్పుడు నన్ను కూతురనుకుంటాది. నా చేత్తోనే తింటాది."

"పోనీలెండి, ఇప్పటికైనా దగ్గరయ్యారు."

ఆవిడ డబ్బా మూత గట్టిగా నొక్కింది.

"తినేటప్పుడల్లా ఒకటే మాటప్పా. 'కోడలికి నామీద కోపంగా ఉండాది, పండక్కన్నా రమ్మని చెప్పవే' అంటాది. ఆ కోడల్ని నేనే అంటే నమ్మదు. ఏమీ ఆశించకుండా ప్రేమించాలని సండే స్కూల్లో పిల్లోళ్ళకు నేనే చెప్తాను. ఆమెకు తెలివుండగా ఇంకొక్క పండక్కి పోయుంటే..."

"మరి ఆమెకేం చెప్తారు?" అని అడిగాను.

ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

"'వచ్చే పండక్కి పిలుచుకొస్తాలేమ్మా' అంటాను."